కోతల పండుగ

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఇంతకుముందైతే ఈ మాటకు బలంగా మా అమ్మ తల మీదో, నా రెండు కళ్ళ మీదో ఒట్టు వేసేవాణ్ణి. మా అమ్మ తల మీద నేను వేసిన ఒట్లన్నీ ఫలించి ఉంటే ఆవిడ ఎనభై ఏళ్ళు బతికి ఉండేది కాదు. ఇప్పుడు నేను వెళ్ళే ప్రార్థన మందిరంలో ఒట్టు పెట్టుకోకూడదంటారు. అవునంటే అవును, కాదంటే కాదు, అక్కడితో ఆగమంటారు. నాలాంటివాడు రెండే మాటలతో రోజు గడపడం ఎంత కష్టమో మీకు తెలియదు. అందుకని ఈ ఒక్కసారికి, పాతికేళ్ళుగా నా చేతిలో ఆడుతున్న మీటరు బద్ద మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇందులో కల్పన లేదు.

నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్‌ని. తెల్లటి పరుపు మీద కూర్చుని చీర విప్పడం, "రంగు పోదమ్మా" అనడం నా పని. మా ఊరు కూచిపూడికి నాలుగు పొలాల అవతల. ఆ సంగతి చెప్పగానే కొనడానికి వచ్చినవాళ్ళు "అయితే మీకూ నాట్యం వచ్చా?" అని అడుగుతారు. "నాకు రాదండీ, మా గేదెకి వచ్చు" అనేవాణ్ణి. పక్కింట్లో పిల్లలు అడుగులు నేర్చుకునేటప్పుడు తాళం విని విని దానికి అలవాటైపోయిందనీ, తాళం వేయకపోతే పాలు చేపేది కాదనీ, ఒకసారి మా నాన్న లయ తప్పితే చెంబు తన్నేసిందనీ చెప్పేవాణ్ణి. నవ్వుతూ నవ్వుతూ ఇంకో రెండు చీరలు తీసుకునేవారు. మా యజమాని ఒకసారి అన్నాడు: "నువ్వు చీరలు అమ్మట్లేదయ్యా, ఆ గేదెని అమ్ముతున్నావు. ఎన్నిసార్లు అమ్ముతావు దాన్ని?"

మా డెల్టాలో కోతలు రెండు రకాలు. ఒకటి వరికోతలు, వాటికి కాలం ఉంటుంది. రెండోవి నావి, వాటికి ఉండదు. గేదె కథ దాకా అయితే ఎవరికీ నష్టం లేదు. కానీ నాకు అవసరం లేకపోయినా అబద్ధం వచ్చేది. పొద్దున ఇడ్లీ తిని దోసె తిన్నానని చెప్పేవాణ్ణి. ఎందుకు చెప్పానో నాకే తెలిసేది కాదు. ఫోన్లో "బెంజి సర్కిల్ దగ్గరున్నా" అనేవాణ్ణి, దుకాణంలో కూర్చునే. మా ఆవిడ నేను ఏది చెప్పినా "ఆహా" అని ఊరుకునేది. పెళ్ళైన కొత్తలో ఆ "ఆహా" ఆశ్చర్యం అనుకున్నాను. అది నమ్మడం మానేసిన మనిషి మాట అని తెలియడానికి పదేళ్ళు పట్టింది.

నా నలభై నాలుగో ఏట మా ఆవిడకు ఆపరేషన్ అయింది. ఆ వార్డులో తుడిచే ఆయా ఒకావిడ రోజూ పొద్దున్నే మా ఆవిడ మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసి వెళ్ళేది. ఇంటికి వచ్చాక మా ఆవిడ ఆ ఆయా వెళ్ళే మందిరం చూస్తానంది. గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు. నేను కింద స్కూటరు దగ్గర ఆగుదామనుకున్నాను. వర్షం వచ్చింది, పైకి వెళ్ళాను. అయ్యగారు, అంటే పాస్టర్ గారు, ఆ రోజు పెద్దగా ఏమీ చెప్పలేదు. "తండ్రీ, మేమెలా ఉన్నామో అలాగే నీ ముందు నిలబడే ధైర్యం మాకియ్యి" అని ప్రార్థన చేశారు. అంతే. నేను ఏడ్చాను. నేను ఎలా ఉన్నానో అలా ఎవరి ముందూ ఎప్పుడూ నిలబడలేదు. నా పెళ్ళాం ముందు కూడా.

ఆ తర్వాత కృష్ణలో బాప్తిస్మం తీసుకున్నాను. నీళ్ళలోంచి లేచాక మూడు వారాలపాటు నా నోట ఒక్క అబద్ధం రాలేదు. ఒకావిడ చీర చూసి రంగు సంగతి అడిగితే "కొంచెం దిగుతుందమ్మా, మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టండి" అన్నాను. మా యజమాని వచ్చి నా నుదురు పట్టుకు చూశాడు. గేదె కథ అడిగినవాళ్ళకు "అది ఉత్తిదేనండీ" అని చెప్పాను. వాళ్ళు మొహం ముడుచుకుని వెళ్ళిపోయారు. ఒంట్లో ఏదో బరువు దిగినట్టుండేది. విడుదల అంటే ఇదే కాబోలు, ఇంత తేలికా అనుకున్నాను.

ఆ మూడో వారం చివర ఆదివారం మా మందిరంలో కోతల పండుగ. మొదటి పంటలో దేవుడి వంతు తెచ్చి పెట్టే రోజు. పల్లెల్లో చుట్టాలున్నవాళ్ళు ధాన్యం, అరటి గెలలు, గుమ్మడికాయలు తెచ్చి వేదిక చుట్టూ పేర్చారు. పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తనకు చేసిన మేలు లేచి నిలబడి నలుగురిలో చెప్పడాన్ని మావాళ్ళు సాక్ష్యం అంటారు. నా ముందు ఒక లారీ డ్రైవరు చెప్పాడు. పేకాట, కొట్లాటలు, కత్తిపోటు. చొక్కా ఎత్తి మచ్చ చూపించాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. "స్తోత్రం" అని హాలంతా మారుమోగింది. అయ్యగారు నా వైపు తిరిగారు. "మన కొత్త బ్రదర్ గారు, ప్రభువు మిమ్మల్ని ఏ అలవాటు నుంచి విడిపించాడో నాలుగు మాటలు చెప్పండి."

నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒకటే. అయ్యా, నేను అబద్ధాలాడేవాణ్ణి, మూడు వారాలుగా మానేశాను. కానీ కత్తిపోటు తర్వాత దోసె అబద్ధం ఏం చెప్తాం? నా ముందు మైకు ఉంది, నూట యాభై మొహాలు ఉన్నాయి, గుమ్మడికాయలు కూడా నా వైపే చూస్తున్నట్టున్నాయి.

"నేను తాగుబోతుని" అన్నాను.

ఇక మాట దానంతటదే నడిచింది. పదకొండేళ్ళు. పొద్దున లేవగానే సీసా. ఒకరోజు సాయంత్రం ప్రకాశం బ్యారేజి మీద నిలబడి ప్రభువా అని ఏడ్చి, సీసా కృష్ణలోకి విసిరేశాను. "ఆ క్షణం నుంచి ఈ క్షణం దాకా," అని కుడిచెయ్యి పైకెత్తి చూపించాను, "ఈ చేతికి ఒక్క వేలు వణకలేదు." స్తోత్రం అన్న కేకకు ఫ్యాన్లు ఊగాయి. నిజానికి నేను జీవితంలో తాగింది రెండుసార్లు. రెండూ పెళ్ళిళ్ళలో. రెండుసార్లూ వాంతి చేసుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద వెనక నుంచి మా ఆవిడ అడిగింది.

"మీరెప్పుడు తాగారండీ?"

"అది సాక్ష్యమే. దేవుడి మహిమ కోసం."

"కోర్టులో చెప్తే దాన్ని దొంగ సాక్ష్యం అంటారు."

"జనం ఎంత కదిలిపోయారో చూశావుగా."

"ఆహా" అంది.

ఆ తర్వాత నన్ను చుట్టుపక్కల ఊళ్ళలో ప్రార్థన కూటాలకు పిలవడం మొదలుపెట్టారు. ఊరు మారినప్పుడల్లా సాక్ష్యం పెరిగింది. గుడివాడ వైపు వెళ్ళినప్పుడు పదకొండేళ్ళు పదిహేనయ్యాయి. బందరు వైపు వెళ్ళినప్పుడు తాగి పెళ్ళాన్ని కొట్టేవాణ్ణని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానంటే, అక్కడ ముందు వరుసలో ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. ఆ మరుసటి ఆదివారానికే మాట మా మందిరానికి చేరింది. ప్రార్థనయ్యాక ఒక పెద్దావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని, జాకెట్టు చెయ్యి కొంచెం పైకి జరిపి చూస్తూ, "ఎన్ని దెబ్బలు తిన్నావే తల్లీ, మచ్చలు పోయాయా?" అంది. మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు చూసింది. నేను చెప్పులు వెతుక్కున్నాను. ఆ తర్వాత ఆవిడ నాతో కూటాలకు రావడం మానేసింది. తాగుబోతు భార్యగా నలుగురి జాలి పొందడం ఆవిడకు కొట్టించుకోవడంతో సమానమైందని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఇంకో రెండు ఊళ్ళలో చెప్పాను.

ఇక టైలరు సంగతి. మా దుకాణం మెట్ల మలుపులో మిషను వేసుకుని చీరలకు ఫాల్ కుట్టేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు. కానీ పొద్దున చుక్క పడకపోతే అతని సూదిలోకి దారం ఎక్కదు. ఇరవై ఏళ్ళ తాగుడు. అతని భార్య ఒక కూటంలో నా సాక్ష్యం విని ఇంటికి వెళ్ళి చెప్పింది. మర్నాడు అతను మిషను ఆపి నన్ను పిలిచాడు.

"అన్నా, నువ్వు తాగేవాడివంటగా."

"అవును తమ్ముడూ. దేవుడు విడిపించాడు."

"పదేళ్ళ నుంచి ఈ మెట్ల మీదే ఉన్నాను. నువ్వు నా పక్కనుంచే ఎక్కి దిగుతావు. ఒక్కనాడు వాసన రాలేదే?"

తాగినవాడి వాసన అతని ముక్కుకు తెలుసు. నేను ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"యాలకులు నమిలేవాణ్ణి."

అతను మెచ్చుకోలుగా తలాడించాడు. "ఏ రకం అన్నా?"

"పచ్చవి. పెద్దవి."

"నేను లవంగాలు వాడి మోసపోయాను" అన్నాడు.

ఆ ఆదివారం మందిరానికి వచ్చాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ప్రార్థన సమయంలో మోకాళ్ళ మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది నాటకం కాదు, నాటకం ఏదో నాకు తెలుసు. సోమవారం పొద్దున పనికి వస్తూ దారిలో బందరు కాలువ దగ్గర ఆగి నన్ను పిలిపించి, నా కళ్ళ ముందే సీసా నీళ్ళలోకి విసిరేశాడు. "నువ్వు చేసినట్టే అన్నా" అన్నాడు. ఆ రోజు అతను పాడుకుంటూ కుట్టాడు.

మంగళవారం మధ్యాహ్నానికి అతని మిషను చప్పుడు ఆగిపోయింది. కిందికి వెళ్ళి చూస్తే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద ఒక చీర కప్పుకుని కూర్చున్నాడు. మొహమంతా చెమట. జేబులోంచి యాలకులు తీసి నముల్తున్నాడు.

"అన్నా, నిజం చెప్పు. నీకు ఒక్క వేలు కూడా వణకలేదా?"

చెప్పడానికి అదే సమయం. చీర కింద అతని చేతులు ఆడుతుంటే అంచు జరీ మెరుస్తోంది. నాకు భయం వేసింది. అతని గురించి కాదు, నా గురించి. వణికిందంటే మందిరంలో చెప్పింది అబద్ధమవుతుంది.

"లేదు తమ్ముడూ" అన్నాను. "విశ్వాసం గట్టిగా ఉంటే వణకదు."

అతను చీర ఇంకొంచెం పైకి లాక్కున్నాడు. "అయితే నాలోనే ఏదో లోపం ఉంది" అన్నాడు.

బుధవారం పదకొండు గంటలకు మిషను మీద నుంచి పక్కకు ఒరిగిపోయాడు. ఫిట్స్. నోట్లో నురగ. మా యజమాని ఆటో పిలిచాడు, నేను అతని తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు వయసులో చిన్నాయన. కోప్పడలేదు, అలిసిపోయిన గొంతుతో అడిగాడు.

"ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాడండీ?"

"ఇరవై."

"అంత తాగుడు ఒక్క పూటలో ఆపేస్తే ఒళ్ళు తట్టుకోదు. ప్రాణం కూడా పోతుంది. వణుకు మొదలవగానే తీసుకురావాలి, మందులతో ఆపాలి. ఎవరు చెప్పారు మీకు ఏమీ కాదని?"

నేను గోడ మీద ఫ్యాన్ వైపు చూశాను. అతని భార్య నా పక్కనే ఉంది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మీరు చెప్పినట్టే చేశాడు అన్నయ్యగారూ" అంది. "సీసా కూడా నీళ్ళలోనే వేశాడు. ఎక్కడ తప్పు చేశాడో మీరే చెప్పండి."

నాలుగో రోజుకు అతను మాట్లాడగలిగాడు. నేనూ మా ఆవిడా ఫ్లాస్కులో కాఫీ తీసుకుని వెళ్ళాం. అతని భార్య మందులకు కిందికి వెళ్ళింది. చేతికి సెలైన్ సూది ఉంది, ఆ చెయ్యి ఇంకా కొద్దిగా ఆడుతోంది. దాన్నే చూస్తూ అన్నాడు: "దేవుడు నన్ను తీసుకోలేదన్నా. నీకు ఆపాడు, నాకు ఆపలేదు. తీసుకోనివాడి గుమ్మంలో ఎన్నాళ్ళు కూర్చుంటాం? ఇంటికెళ్ళాక మళ్ళీ మొదలెడతాను. మా ఇంటిదానికి చెప్పకు."

మళ్ళీ మొదలుపెడితే అతను ఎంతకాలం ఉంటాడో డాక్టరు మాకు చెప్పే పంపాడు. అతన్ని ఆపగలిగిన మాట నా నోట్లోనే ఉంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర ఆ క్షణంలో ఒక చక్కటి అబద్ధం తయారుగా ఉంది. "నాకూ వణికింది తమ్ముడూ, సిగ్గుపడి చెప్పలేదు." అంతే. అతని మనసు కుదుటపడుతుంది. నా సాక్ష్యం నిలుస్తుంది. నేను ఇంకా మంచివాణ్ణవుతాను, వినయం కలిగినవాణ్ణి కూడా. నేను జీవితంలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ అంత ఉపయోగమైనది మరొకటి లేదు. నోరు తెరిచాను కూడా.

"తమ్ముడూ, నాకూ..."

"ఏవండీ" అంది మా ఆవిడ.

ఫ్లాస్కు మూత బిగిస్తూ అంది. నా వైపు చూడలేదు. కానీ అది "ఆహా" కాదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నేను నిజం చెప్తానేమోనని ఆవిడ ఎదురుచూసింది.

"నాకు వణకలేదు" అన్నాను. "ఎందుకంటే నేనెప్పుడూ తాగలేదు."

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. బ్యారేజి లేదు, సీసా లేదు, పదకొండేళ్ళు లేవు.

"వదినగారిని కొట్టింది?"

"లేదు."

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను మళ్ళీ నా వైపు తిరిగాడు.

"యాలకులు?"

"అవి కూడా లేవు."

"మూడు రోజులు నమిలాను కదన్నా అవి" అన్నాడు.

గొంతు చాలా మెల్లగా ఉంది. నేను మిగిలింది కూడా చెప్పాను. నాకున్న జబ్బు అబద్ధమనీ, నన్ను దేవుడు దాన్నుంచి విడిపించాడనీ, నేనే దాన్ని మళ్ళీ పట్టుకెళ్ళి మైకు ముందు పెట్టుకున్నాననీ. వణికినంత మాత్రాన దేవుడు వదిలేసినట్టు కాదు తమ్ముడూ, విశ్వాసం ఉంటే వణకదన్నది నా సొంత మాట, ఆయనది కాదు అన్నాను. అతను గోడ వైపు తిరిగాడు.

"పో అన్నా" అన్నాడు. "నీ మొహం చూస్తే తాగాలనిపిస్తోంది."

అయ్యగారికి ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన, "డాక్టరుకు చూపించుకుని మానమని నేనూ అతనికి ముందే చెప్పాల్సింది" అన్నారు. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గేసింది. ఎక్కడ అబద్ధం చెప్పారో అక్కడే నిజం చెప్పండి అన్నారు.

ధైర్యం కూడగట్టుకోవడానికి నెలలు పట్టి, మరుసటి ఏడాది కోతల పండుగనాడు, అవే గుమ్మడికాయల మధ్య, మళ్ళీ మైకు పట్టుకున్నాను. ఈసారి సాక్ష్యం చిన్నది. నేను తాగుబోతుని కాను. నా భార్యను ఎన్నడూ కొట్టలేదు. నేను అబద్ధాలకోరుని, ఇక్కడే నిలబడి ఆడాను, నా మాట నమ్మి ఒక మనిషి చావు దాకా వెళ్ళాడు. మారుమనస్సు పొందాక పాపం విషయంలో చేతులు కడుక్కున్నట్టే అనుకున్నాను, కానీ చెయ్యి కడుక్కున్నవాడు రోజూ అన్నం తింటాడు, రోజూ కడుక్కోవాలి. అంతే చెప్పాను. ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. మచ్చలు వెతికిన పెద్దావిడ మా ఆవిడకు దగ్గరగా జరిగి కూర్చుంది. మా ఆవిడ తలెత్తి ఉంది. మైకు నా చేతిలో టకటకా కొట్టుకుంటోంది. అప్పుడు కిటికీ పక్క కుర్చీలోంచి ఆ టైలరు లేచి, అందరికీ వినబడేలా అన్నాడు: "అన్నా, చెయ్యి వణుకుతోంది చూసుకో. భయపడకు. మొదట్లో అలాగే ఉంటుంది."

మొదట్లో ప్రమాణం చేశాను కదా. మీటరు బద్ద మీద. అందుకని ఇది చెప్పకుండా ఆపలేను. ఆ చివరి మాట నేను కల్పించాను. అతను ఆ రోజు రాలేదు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూనే నేను చెప్పాను. ఆ మాట అతను అని ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానంటే, రాసేటప్పుడు చెయ్యి దానంతటదే రాసేసింది. మిగతాదంతా నిజం. గేదెకి అడుగులు రావు, తాళం వేస్తే చెవులు మాత్రం ఆడించేది.

అతను మిషను మా మెట్ల మీద నుంచి ఎత్తేసి వేరే సందులో పెట్టుకున్నాడు. అతని భార్య మందిరానికి వస్తుంది. మాత్రలు వాడుతున్నాడని, మధ్యలో రెండుసార్లు జారి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడని, ఇప్పుడు కొంచెం నయమని మా ఆవిడతో చెప్పింది. నా సంగతి అతను అడగడట.

పోయిన వారం ఆ సందులోంచి వెళ్తూ అవతలి పక్క ఆగాను. అతను సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. రెండుసార్లు తప్పింది, మూడోసారికి ఎక్కింది.

కాదు. అలా అయితే బాగుంటుందని రాశాను. నేను చూసినంతసేపూ ఎక్కలేదు. ఇంతలో బట్టల బేళ్ళు మోసే తోపుడుబండి అడ్డం వచ్చింది. అది కదిలేదాకా నిలబడే ధైర్యం లేక వచ్చేశాను.